అసలును కాపాడిన నకలు
ఫిల్మును ఫిల్మే ఫొటో తీసే ఆప్టికల్ ప్రింటర్ మన ల్యాబుల నుంచి వెళ్లిపోయింది. అది నేర్పిన పాఠం మాత్రం మనకింకా ఒంటబట్టలేదు

ఈసారి టీవీలో పాత సినిమా వస్తున్నప్పుడు ఒక చిన్న విషయం గమనించండి. హీరో ఉత్తరం చదివి మడిచి, కిటికీ వైపు తిరుగుతాడు. ఆ దృశ్యం కరిగి రైలు ప్రయాణంగా మారుతుంది. అయితే కరగడం మొదలవడానికి క్షణం ముందే బొమ్మ కాస్త మసకబారుతుంది. తెర మీద ఇసుక చల్లినట్టు గరుకుదనం కనిపిస్తుంది. నలుపు మరింత నల్లబడుతుంది, తెలుపు వెలవెలబోతుంది. రైలు దృశ్యంలో ఎక్కడో ఒక కట్ పడగానే మళ్లీ అంతా తేటపడుతుంది.

లోపం మీ టీవీది కాదు. ఆ కొద్ది సెకన్ల ముక్క కెమెరాలోంచి వచ్చిన అసలు నెగటివ్ కాకపోవడమే కారణం. దాన్ని మరో కెమెరాతో మళ్లీ ఫొటో తీసి, ఆ నకలును అసలు నెగటివ్ మధ్య అతికించారు. ఆ పని చేసిన యంత్రమే ఆప్టికల్ ప్రింటర్. దాదాపు 60 ఏళ్ల పాటు ప్రపంచంలోని ప్రతి పెద్ద ఫిల్మ్ ల్యాబులోనూ చీకటి గదిలో కూర్చుని, ఫేడ్‌లూ డిజాల్వ్‌లూ టైటిల్స్ నుంచి అంతరిక్ష యుద్ధాల దాకా అన్నీ వండి వార్చింది. కంప్యూటర్ రాగానే మూలపడింది. ఇవాళ దాని పేరు చెబితే సినిమా విద్యార్థులు కూడా కాగితాలు ముద్రించే యంత్రం అనుకునే ప్రమాదముంది.

పోయిన యంత్రం గురించి ఇప్పుడెందుకన్న ప్రశ్న సహజమే. కానీ మన దగ్గర పాత సినిమాల పునరుద్ధరణకు కోట్ల రూపాయలు కేటాయిస్తున్న కాలమిది. ఏది అసలు, ఏది నకలు, దేన్ని దాచాలి, దేన్ని మార్చొచ్చు అనే వాదనలన్నిటికీ మూలం ఈ యంత్రంలోనే ఉంది. దాన్ని అర్థం చేసుకోకుండా పునరుద్ధరణ గురించి మాట్లాడటం పునాది చూడకుండా మేడకు సున్నం వేయడం లాంటిది.

ఎదురెదురుగా రెండు యంత్రాలు

సూత్రం చాలా సులువు. ఒకవైపు ప్రొజెక్టర్, దానికి ఎదురుగా కెమెరా, మధ్యలో లెన్సు. ప్రొజెక్టర్‌లో అప్పటికే తీసి కడిగిన ఫిల్ము ఉంటుంది. కెమెరాలో ముడి ఫిల్ము ఉంటుంది. ప్రొజెక్టర్ ఒక్క ఫ్రేము ముందుకు జరిపి ఆగుతుంది. కెమెరా ఆ ఒక్క ఫ్రేమును ఫొటో తీస్తుంది. మళ్లీ జరుగు, మళ్లీ తియ్యి. రెండున్నర గంటల సినిమా అంటే దాదాపు 13,500 అడుగుల ఫిల్ము. అడుగుకు 16 చొప్పున 2,16,000 ఫ్రేములు. ఒక్కో బొమ్మకూ సన్నని ఉక్కు పిన్నులు ఫిల్ము అంచు రంధ్రాల్లోకి దిగి, అది వెంట్రుకవాసి కూడా కదలకుండా పట్టుకోవాలి. లేకపోతే తెర మీద బొమ్మ వణుకుతుంది.

రెండు యంత్రాలు వేర్వేరుగా నడుస్తాయి కాబట్టి కాలం ఆపరేటరు చేతిలో ఉంటుంది. ప్రొజెక్టర్‌ను ఆపేసి కెమెరాను మాత్రమే నడిపితే బొమ్మ బిగుసుకుపోతుంది. ఫ్రాన్సువా ట్రూఫో 'ద 400 బ్లోస్' (1959) చివర్లో సముద్రం ఒడ్డున కుర్రాడు మన వైపు తిరిగి అలాగే ఆగిపోవడం, సత్యజిత్ రే 'చారులత' (1964) ముగింపులో భార్యాభర్తల చేతులు కలవకముందే నిలిచిపోవడం ఇలాంటి పనులే. ఫ్రేము విడిచి ఫ్రేము తీస్తే నడక పరుగవుతుంది. ప్రతి రెండో ఫ్రేమునూ రెండుసార్లు తీస్తే సెకనుకు 16 ఫ్రేముల లెక్కన తీసిన మూకీ సినిమా 24 ఫ్రేముల వేగంలో సహజంగా నడుస్తుంది. ఒక దృశ్యాన్ని క్రమంగా చీకటి చేస్తూ తీసి, ఫిల్మును వెనక్కి తిప్పి, దాని మీదే రెండో దృశ్యాన్ని క్రమంగా వెలుగులోకి తెస్తే డిజాల్వ్ వస్తుంది. లెన్సును ముందుకు జరిపితే బొమ్మ పెద్దదవుతుంది.

అంతకు ముందు ఇవన్నీ లేవని కాదు. మేలియెస్ నాటి నుంచీ మాయలన్నీ కెమెరాలోనే చేసేవారు. ద్విపాత్రాభినయం కావాలంటే లెన్సు ముందు సగం మూసి ఒక పాత్రను తియ్యాలి. ఫిల్మును సరిగ్గా అదే ఫ్రేముకు వెనక్కి తిప్పాలి. రెండో సగం తెరిచి, అదే నటుడు వేషం మార్చుకుని వచ్చాక మళ్లీ తియ్యాలి. ఈ మధ్యలో కెమెరా స్టాండును ఎవరైనా తాకితే అంతే సంగతులు. రెండోసారి చేసిన తప్పు మొదటిసారి చేసిన మంచి పనిని కూడా పాడు చేస్తుంది. 'మాయాబజార్' (1957)కు మార్కస్ బార్ట్‌లీ, 'సీతారామ కల్యాణం' (1961)కు రవికాంత్ నగాయిచ్ లాంటి ఛాయాగ్రాహకులను మనం ఇంకా తలుచుకుంటున్నామంటే, అరకొర సదుపాయాల నడుమ లెక్కలూ, ఓర్పూ, ధైర్యమూ పెట్టుబడిగా పనిచేసినందుకే.

ఆప్టికల్ ప్రింటర్ మార్చింది ఈ ధైర్యం అవసరాన్నే. దృశ్యాన్ని మామూలుగా తీసి పెట్టుకోండి. మాయ తర్వాత, తీరిగ్గా, నకలు మీద చేయండి. తప్పితే నకలును పారేసి మళ్లీ చేయండి. అసలుకు చీమ కుట్టినట్టయినా ఉండదు. సినిమా చరిత్రలో ఇది చిన్న సౌకర్యంలా కనిపిస్తుంది కానీ చిన్నది కాదు. మూలాన్ని ముట్టుకోకుండా ప్రయోగాలన్నీ ప్రతి మీద చేయాలన్నది ఇవాళ మ్యూజియాలూ, ఆర్కైవులూ పాటించే మొదటి నీతి. ఆ నీతిని సినిమాకు ఒక ట్రిక్కుల యంత్రం నేర్పింది.

హాలీవుడ్‌లో దీనికి పెద్ద దిక్కు లిన్‌వుడ్ డన్. ఆర్‌కెఓ స్టూడియోలో 'కింగ్ కాంగ్' (1933), 'సిటిజెన్ కేన్' (1941) సినిమాలకు ఈ పనులు చేసినవాడు. అప్పటిదాకా ఏ స్టూడియోకా స్టూడియో సొంత వర్క్‌షాపులో ఇలాంటి యంత్రాలను తయారు చేసుకునేది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యపు ఫొటోగ్రాఫిక్ విభాగాల కోసం డన్, ఆయన సహచరుడు సెసిల్ లవ్ కలిసి అందరూ కొనుక్కోగల యంత్రాన్ని రూపొందించారు. దాని పేరు ఆక్మే-డన్ ప్రింటర్. 1981లో జరిగిన ఆస్కార్ వేడుకల్లో వారికి సాంకేతిక రంగపు అత్యున్నత గౌరవం దక్కింది. అప్పటికే 'స్టార్ వార్స్' (1977)తో ఈ యంత్రం తన వైభవాన్ని చూపించింది. నీలి తెర ముందు తీసిన ఒక్కో నౌకనూ, ఒక్కో నక్షత్రాల నేపథ్యాన్నీ వేరువేరు ఫిల్ముల మీద నుంచి ఒకే ఫ్రేములోకి ఎక్కించింది అదే.

షోలే అసలు కొలత

మన దేశంలో ఆప్టికల్ ప్రింటింగ్ సాధించిన అతిపెద్ద విజయాన్ని కోట్లమంది చూశారు. అది ఆప్టికల్ పని అని తెలిసినవారు తక్కువ. 1975 ఆగస్టు 15న విడుదలైన 'షోలే'ను 70ఎంఎం సినిమాగా గుర్తుపెట్టుకున్నాం. కానీ దాన్ని 70ఎంఎం కెమెరాతో తీయలేదు. ఆ కెమెరాల ఖర్చు మన నిర్మాతలకు అందేది కాదు. ఛాయాగ్రాహకుడు ద్వారకా దివేచా మామూలు 35ఎంఎం ఫిల్ము మీదే తీశారు. చివరికి వెడల్పాటి తెర మీద ఎంత భాగం కనిపిస్తుందో లెక్కగట్టి, ఆ మేరకే దృశ్యాన్ని కూర్చుకున్నారు. ఆ తర్వాత దాన్ని లండన్‌లో 70ఎంఎంకు పెంచారు. అంటే మనం నోరెళ్లబెట్టి చూసిన ఆ విశాలమైన రామ్‌గఢ్ చిన్న ఫ్రేమును పెద్ద ఫ్రేములోకి మళ్లీ ఫొటో తీయగా వచ్చిందన్నమాట.

మోసమనడానికి ఇందులో ఏమీ లేదు. పేద దేశపు పరిశ్రమ తన దగ్గరున్న దానితోనే వైభవాన్ని సృష్టించుకున్న తీరు ఇది. 1980ల్లో తెలుగునాట '70ఎంఎం' అనే మాట ఎంత మోజు పుట్టించిందో ఆ తరం వారికి చెప్పనక్కర్లేదు. కృష్ణ 'సింహాసనం' (1986) తొలి తెలుగు 70ఎంఎం చిత్రమన్న ప్రచారంతోనే జనాన్ని రప్పించింది. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని సంధ్య థియేటర్ తన పేరులో ఇప్పటికీ ఆ కొలతను మోస్తోంది. ఎవరి నవ్వయినా కాస్త విశాలంగా ఉంటే 70ఎంఎం నవ్వు అనేస్తాం. డబ్బు తక్కువ, ఆశ ఎక్కువ ఉన్నచోటల్లా ఈ పెంపకం ఉపయోగపడింది. మీరా నాయర్ 'మాన్సూన్ వెడ్డింగ్' (2001)ను చేతి కెమెరాతో సూపర్ 16 ఫిల్ము మీద తీసి, థియేటర్ల కోసం 35ఎంఎంకు పెంచారు. వెనిస్‌లో స్వర్ణ సింహం గెలిచిన సినిమా అది.

అయితే పెంచిన ప్రతిసారీ, నకలు తీసిన ప్రతిసారీ ఒక పన్ను కట్టాలి. ఫిల్ము మీద బొమ్మంటే వెండి రేణువుల గుంపో, రంగుల మచ్చల గుంపో. వాటినే మళ్లీ ఫొటో తీస్తే పాత రేణువుల మీద కొత్త రేణువులు పేరుకుంటాయి. కాంట్రాస్ట్ పెరుగుతుంది, మధ్య ఛాయలు చచ్చిపోతాయి. మొదట్లో చెప్పిన డిజాల్వ్ ముందు మసకకు కారణం ఇదే. దీన్ని తగ్గించడానికి ప్రత్యేకమైన సన్నరేణువుల ఫిల్ములు వచ్చాయి. నెగటివ్ నుంచి మాస్టర్ పాజిటివ్, దాని నుంచి డూప్ నెగటివ్ తీసే పద్ధతి స్థిరపడింది. నష్టం తగ్గింది కానీ పోలేదు. ఫొటోస్టాట్‌కు ఫొటోస్టాట్ తీసిన సర్టిఫికెట్ చూసినవారెవరికైనా ఇది అర్థమవుతుంది.

గుమాస్తా నిబంధన బతికించిన సినిమాలు

నకలు నాణ్యత తక్కువదే. కానీ అసలు పోయినప్పుడు నకలే దిక్కు. దీనికి అమెరికా చరిత్రలో అందమైన ఉదాహరణ ఒకటుంది. 1912 దాకా అక్కడి కాపీరైట్ చట్టంలో సినిమా అనే పదార్థమే లేదు. ఫొటోలకు మాత్రం రక్షణ ఉంది. అందుకని నిర్మాతలు తమ సినిమాలో ప్రతి ఫ్రేమునూ పొడవాటి కాగితపు చుట్ట మీద ముద్రించి, ఫొటోల పేరిట లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో దాఖలు చేసేవారు. కళను కాపాడాలన్న ఆలోచన ఎవరికీ లేదు. అది ఫారం నింపే వ్యవహారం. తర్వాత చట్టం మారింది, చుట్టలను అందరూ మరిచిపోయారు. ఆ సినిమాల నైట్రేట్ ఫిల్ములు చాలావరకు కాలిపోయాయి, కుళ్లిపోయాయి. కాగితం మాత్రం మిగిలింది.

మూడు వేలకు పైగా సినిమాలు. చూడాలంటే మాత్రం కుదరదు. కాగితం గుండా వెలుగు పోదు, ప్రొజెక్టర్‌లో ఆడదు. 1950ల్లో కెంప్ నైవర్ అనే ఆయన దీనికి ఉపాయం కనిపెట్టాడు. కాగితపు చుట్టకు ముందు నుంచి వెలుగు వేసి, ఒక్కొక్క ఫ్రేమునూ 16ఎంఎం ఫిల్ము మీదకు తిరిగి ఫొటో తీశాడు. ముడతలు పడిన, చిరిగిన, సాగిన కాగితాన్ని ఫ్రేము ఫ్రేముకూ సరిచేసుకుంటూ ఏళ్ల తరబడి చేసిన పని అది. 1955 ఆస్కార్ వేడుకల్లో దానికి గుర్తింపు దక్కింది. ప్రపంచ సినిమా తొలి పదిహేనేళ్ల గురించి ఇవాళ మనకు తెలిసిన దాంట్లో చాలా భాగం ఆ కాగితాల పుణ్యమే.

ఈ కథకు కొసమెరుపు కూడా ఉంది. ఆ కాగితాల నుంచి బతికి బయటపడ్డ 1905 నాటి ఓ పది నిమిషాల సినిమా 'టామ్, టామ్, ద పైపర్స్ సన్'. ప్రయోగాత్మక దర్శకుడు కెన్ జేకబ్స్ దాన్ని తెర మీద ఆడిస్తూ, ఆపుతూ, వెనక్కి తిప్పుతూ, మూల మూలలా దగ్గరికెళ్లి కెమెరాతో మళ్లీ చిత్రీకరించాడు. దాదాపు రెండు గంటల కొత్త సినిమా తయారైంది. 1969లో అదే పేరుతో వచ్చిన ఆ చిత్రం 2007లో అమెరికా జాతీయ చలనచిత్ర జాబితాకెక్కింది. అంటే ఒకే సినిమా మొదట కాగితంగా మారింది, తర్వాత మళ్లీ ఫిల్మయింది, ఆ తర్వాత మరో కళాఖండమైంది. ప్రతి మలుపులోనూ జరిగింది ఒకటే, ఉన్న బొమ్మను మళ్లీ ఫొటో తీయడం.

రాజనీతి శాస్త్రం చదువుకున్నవాళ్లకు ఈ కథలో ఆసక్తికరంగా తోచేది చట్టం పాత్ర. గొప్ప ఆశయాలతో పెట్టిన ఆర్కైవులు లేని రోజుల్లో, ఒక గుమాస్తా నిబంధన వేలాది సినిమాలను కాపాడింది. కాపీ దాఖలు చేస్తేనే హక్కు అన్న మెలిక లేకపోతే ఆ కాగితాలే ఉండేవి కావు.

మన దగ్గర తీయని నకళ్లు

ఇక మన సంగతి. దేశంలో మూకీ యుగంలో 1,300కు పైగా సినిమాలు వచ్చాయని అంచనా. వాటిలో ముక్కలూ చెక్కలూ కలిపి మిగిలినవి ముప్ఫై లోపే. తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా' (1931) లేదు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' లేదు. మద్రాసులో రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' (1921) లేదు. నైట్రేట్ ఫిల్ముకు నిప్పంటే ఎంత భయమో, నలుపు తెలుపు ఫిల్ములోని వెండి మీద వ్యాపారికి అంత ప్రేమ. ఆడటం మానేసిన రీళ్లను వెండి తీయడానికి కిలోల లెక్కన అమ్మేశారు. 2003 జనవరిలో పుణెలో నైట్రేట్ ఫిల్ములు దాచిన గిడ్డంగి తగలబడినప్పుడు మిగిలిన వాటిలోనూ కొన్ని పోయాయి.

పేదరికం ఒక కారణమే కానీ మొత్తం కారణం కాదు. డూప్ నెగటివ్ తీయించడం మన నిర్మాతల దృష్టిలో దండగ ఖర్చు. అందుకే అసలు నెగటివ్ నుంచే నేరుగా వందల ప్రింట్లు లాగారు. ప్రింటు ప్రింటుకూ నెగటివ్ అరిగింది, గీతలు పడ్డాయి, అతుకులు ఊడాయి. సినిమా ఎంత పెద్ద హిట్టయితే దాని నెగటివ్ అంత త్వరగా పాడైంది. ఫ్లాపయిన సినిమా నెగటివ్ మాత్రం డబ్బాలో నిగనిగలాడుతూ ఉండేది. విజయానికి ఇంత పెద్ద శిక్ష వేసే పద్ధతి ఇంకే కళలోనూ ఉండదేమో.

దానికి తోడు వాతావరణం. నైట్రేట్ తర్వాత వచ్చిన ఎసిటేట్ ఫిల్ము కాలిపోదు కానీ, వేడికీ తేమకూ లోపలి నుంచి కుళ్లుతుంది. డబ్బా మూత తీస్తే వెనిగర్ వాసన గుప్పుమంటుంది. ఫిల్ము కుంచించుకుపోతుంది. వంద అడుగుల రీలు 99 అడుగులకు తగ్గినా చాలు, మామూలు కాంటాక్ట్ ప్రింటర్‌లో ఇబ్బందే. అందులో పాత ఫిల్మూ కొత్త ఫిల్మూ ఒకదానికొకటి అతుక్కుని ఒకే పళ్ల చక్రం మీద నడవాలి. రంధ్రాల మధ్య దూరం తేడా వస్తే జారుతుంది, చిరుగుతుంది. ఆప్టికల్ ప్రింటర్‌లో రెండు ఫిల్ములూ వేర్వేరు దారుల్లో నడుస్తాయి. కుంచించుకున్న ఫిల్ముకు తగ్గట్టు ఒకవైపు పళ్లనూ పిన్నులనూ మార్చుకోవచ్చు. పైగా ఫొటో తీసే క్షణంలో ఫిల్మును ఒక ద్రవంలో ముంచే ఏర్పాటు ఉంటుంది. దాన్ని వెట్ గేట్ అంటారు. ఆ ద్రవం ఫిల్ము మీది గీతల్లోకి చేరి, వెలుగు చెదరకుండా చేస్తుంది. గీత అక్కడే ఉంటుంది కానీ నకలులో కనిపించదు. ట్రిక్కుల కోసం పుట్టిన యంత్రం ఆర్కైవులకు వైద్యుడైంది ఈ గుణాల వల్లే.

నకలు విలువేమిటో రెండు సినిమాలు చెబుతాయి. 1993లో లండన్‌లోని హెండర్సన్ ల్యాబులో జరిగిన అగ్నిప్రమాదంలో సత్యజిత్ రే 'అపు' చిత్రత్రయం నెగటివ్‌లు కాలి, కరిగి, ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఏ ల్యాబూ వాటి నుంచి ప్రింటు తీయలేనని చేతులెత్తేసింది. అయినా అమెరికాలోని మోషన్ పిక్చర్ అకాడమీ ఆ మసిబొగ్గును పారేయకుండా దాచింది. ఇరవై ఏళ్ల తర్వాత ఇటలీలోని బొలోన్యా నగరపు ల్యాబు నిపుణులు వాటికి తేమ పట్టించి, చేత్తో అతుకులు వేసి, స్కానర్‌లో ఎక్కించగలిగారు. 'పథేర్ పాంచాలి'లో 40 శాతం, 'అపరాజితో'లో 60 శాతానికి పైగా అసలు నెగటివ్ పనికొచ్చింది. మిగిలినదంతా వివిధ దేశాల ఆర్కైవుల్లో ఉన్న డూప్ నెగటివ్‌లూ మాస్టర్ పాజిటివ్‌ల నుంచి తీసుకున్నారు. 2015లో మనం చూసిన ఆ మెరిసే అపు సగం అసలు, సగం నకలు.

రెండోది మళ్లీ 'షోలే'నే. 50 ఏళ్ల సందర్భంగా ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ దాన్ని పునరుద్ధరించి, 2025 జూన్‌లో బొలోన్యా ఉత్సవంలో ప్రదర్శించింది. కెమెరా నెగటివ్ తీసి చూస్తే వెనిగర్ జబ్బుతో వంకర్లు పోయి, పనికిరాని స్థితిలో ఉంది. ఆ మహావైభవపు 70ఎంఎం ప్రింటు ఒక్కటీ మిగల్లేదు. ఆదుకున్నవి లండన్‌లోనూ, ముంబైలోనూ దొరికిన మధ్యంతర నకళ్లు. ఎమర్జెన్సీ రోజుల్లో సెన్సార్ మార్పించిన ముగింపు, అంటే ఠాకూర్ తన కాళ్లతో గబ్బర్‌ను చంపే దృశ్యం, యాభై ఏళ్లకు మళ్లీ సినిమాలో చేరింది. ప్రభుత్వం తెర మీద నుంచి తొలగించగలిగిన దృశ్యం ఒక గిడ్డంగిలో డబ్బాలో బతికే ఉంది. అధికారం చేయి చేరనిచోట ఒక కాపీ ఉండటం ఎంత అవసరమో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

స్కానర్ వచ్చాక

కంప్యూటర్ వచ్చాక ఈ చింత తీరిందని పరిశ్రమ అనుకుంటోంది. 2010 దశకం మొదట్లో కోడాక్ దివాలా పిటిషన్ వేయడం, ఫ్యూజీ సినిమా ఫిల్ము తయారీ ఆపేయడం, థియేటర్లు డిజిటల్‌కు మారడం ఒకదాని వెంట ఒకటి జరిగిపోయాయి. మన ల్యాబుల్లో కడిగే తొట్లు ఎండిపోయాయి. చెన్నైలోని ప్రసాద్ లాంటి సంస్థలు దేశ విదేశాల సినిమాలకు డిజిటల్ పునరుద్ధరణ చేసే స్థాయికి ఎదిగాయి. నిజానికి స్కానర్ కూడా ఆప్టికల్ ప్రింటర్‌కు మనవడే. ఫిల్మును ఫ్రేము ఫ్రేముగా ఆపి, వెనక నుంచి వెలుగు వేసి, లెన్సు గుండా ఫొటో తీస్తుంది. ఎదుట ముడి ఫిల్ముకు బదులు సెన్సార్ ఉంటుంది, అంతే. పైగా అంకెల నకలుకు నకలు తీస్తే రేణువులు పేరుకోవు. తాత కట్టిన పన్ను మనవడు కట్టనక్కర్లేదు.

కానీ మనవడి జబ్బులు మనవడివి. అంకెలు దాచిన టేపులు పాతబడతాయి. కొన్ని తరాల తర్వాత కొత్త యంత్రం పాత టేపును చదవదు. ఎప్పటికప్పుడు మార్చుకుంటూ పోవాలి. ఒక్కసారి బడ్జెట్ ఆగితే అసలుకే మోసం. 2007లో అమెరికా అకాడమీ వేసిన లెక్క ప్రకారం ఒక సినిమా మాస్టర్‌ను ఫిల్ము రూపంలో దాచడానికి ఏడాదికి 1,059 డాలర్లు, డిజిటల్ రూపంలో దాచడానికి 12,514 డాలర్లు అయ్యేది. ఆ తర్వాత డిజిటల్ నిల్వ ధరలు తగ్గాయి కానీ నిత్యం కాపలా కాయాల్సిన అవసరం తగ్గలేదు. చల్లటి, పొడి గదిలో పెట్టిన మంచి ఫిల్ము మాత్రం కరెంటు బిల్లు తప్ప మరేమీ అడగదు.

రెండో జబ్బు మరీ మాయదారిది. అంకెల బొమ్మను మార్చడం చాలా సులువు, మార్చినట్టు తెలియదు. ఆప్టికల్ నకలు తన మీద చేసిన పనిని దాచుకోలేదు. గరుకుదనం రూపంలో అది నిజం చెప్పేస్తుంది. 2010లో 'మాయాబజార్'కు రంగులద్దినప్పుడు కొత్త తరం థియేటర్‌కు వచ్చింది, మంచిదే. కానీ నలుపు తెలుపుల్లో వెన్నెలను సృష్టించిన బార్ట్‌లీ పనితనాన్ని చూపించే మంచి ప్రతి పక్కనే అందుబాటులో ఉంటేనే ఆ మంచి నిలుస్తుంది. 2025లో 'రాంఝణా' తమిళ రూపాన్ని దర్శకుడు ఆనంద్ ఎల్. రాయ్, హీరో ధనుష్ వద్దంటున్నా కృత్రిమ మేధతో ముగింపు మార్చి విడుదల చేశారు. 'షోలే'లో పాత ముగింపును వెతికి తేవడానికీ, 'రాంఝణా'కు లేని ముగింపును పుట్టించడానికీ తేడా తెలియాలంటే అసలు ఎక్కడో భద్రంగా ఉండాలి. రేపు ఆ తేడా చెప్పగలిగే సాక్షి అదొక్కటే.

చట్టం చేయాల్సిన పని

2022 మేలో కేంద్ర సమాచార ప్రసార శాఖ 2,200 సినిమాల పునరుద్ధరణకు రూ.363 కోట్లు ప్రకటించింది. స్వాగతించాల్సిందే. కానీ పునరుద్ధరణ అంటే జబ్బు ముదిరాక ఆసుపత్రి ఖర్చు. టీకా సంగతేమిటి? 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో పుస్తకం అచ్చేసిన ప్రతి ప్రచురణకర్తా కోల్‌కతాలోని నేషనల్ లైబ్రరీతో పాటు మరో మూడు గ్రంథాలయాలకు కాపీ పంపాలి. తర్వాత వార్తాపత్రికలనూ అందులో చేర్చారు. సినిమాలన్నిటికీ వర్తించే అలాంటి చట్టం లేదు. జాతీయ అవార్డు వస్తే ఆర్కైవుకు ప్రింటు ఇస్తారు. అంటే అవార్డు రాని సినిమా, అంటే మన జనం నిజంగా చూసిన సినిమా, నిర్మాత వారసుల ఓపిక మీద, గోడౌను అద్దె మీద ఆధారపడి బతకాలి.

ఆ ఓపిక కూడా ఎన్నాళ్లు? మన కాపీరైట్ చట్టం ప్రకారం సినిమా హక్కులకు గడువు 60 ఏళ్లు. 1957లో విడుదలైన సినిమాల గడువు 2017తోనే ముగిసింది. తెలుగు సినిమా స్వర్ణయుగమని మనం చెప్పుకునే కాలమంతా ఒక్కో ఏడాదిగా ప్రజల సొత్తవుతోంది. హక్కు లేని నెగటివ్ మీద డబ్బు పెట్టమని ఏ వారసుణ్నీ అడగలేం. ప్రజల సొత్తయినప్పుడు కాపాడాల్సింది ప్రజల తరఫున ప్రభుత్వమే. ప్రాంతాల పేరు మీద, భాష పేరు మీద, ఆత్మగౌరవం పేరు మీద ఓట్లడిగే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్టూడియోలకు స్థలాలిచ్చిన ఉదారతలో వందో వంతు చాలు, తెలుగు సినిమా నెగటివ్‌లకు ఒక చల్లటి గది కట్టడానికి.

చేయాల్సినవి పెద్ద పనులేమీ కావు. సర్టిఫికెట్ పొందిన ప్రతి సినిమాకూ ఒక నాణ్యమైన ప్రతి ప్రభుత్వ ఆర్కైవులో దాఖలయ్యేలా చట్టం రావాలి. స్కాన్ అయిపోయిందని నెగటివ్‌ను పారేసే అలవాటుకు స్వస్తి చెప్పాలి. నేటి స్కానర్‌కు చిక్కని వివరం రేపటి స్కానర్‌కు చిక్కుతుందని అపు కథ రుజువు చేసింది. ప్రభుత్వ సొమ్ముతో పునరుద్ధరించిన ప్రతి సినిమాకూ ఏ భాగం దేని నుంచి వచ్చింది, ఎక్కడ ఏం మార్చారు అన్న పట్టిక జతచేయాలి. ఇక ఆప్టికల్ గదుల్లో పని చేసినవాళ్లు కొందరు మన మధ్య ఉండగానే వారి జ్ఞాపకాలను రికార్డు చేయాలి. టైటిల్స్‌లో ఎక్కడో చివర 'ఆప్టికల్స్' అన్న మాట పక్కన ఒక్క క్షణం కనిపించి మాయమైన పేర్లవి. ఏ రీలులో ఏ ముక్క నకలో, ఎందుకు నకలో వాళ్లకు గుర్తుంటుంది. ఆ సమాచారం ఏ డబ్బా మీదా రాసి లేదు.

అసలును ముట్టుకోకు, నకలు మీద ప్రయోగం చెయ్యి, నకలును మరోచోట దాచు. ఆ యంత్రం చెప్పింది ఈ మూడు మాటలే. మన పరిశ్రమ అసలును అరగదీసింది, నకలు తీయలేదు, తీసిన కొద్దిపాటి నకళ్లు పరాయి దేశపు గిడ్డంగుల్లో దొరికితే పండగ చేసుకుంటోంది. యంత్రాన్ని తుక్కు కింద అమ్ముకున్నాం, ఫరవాలేదు. పాఠాన్ని కూడా దానితో పాటే తూకానికి వేయకుంటే చాలు.